తుప్పు కింద అక్షరాలు: పాత మిలటరీ రివాల్వర్లపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత మిలటరీ రివాల్వర్ల గురించే. నేనుండే ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్, బ్రిటిష్ సైన్యం వాడిన వెబ్లీ రివాల్వర్లు తయారైన ఊరు. ఇక్కడ లోహ పరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో వీటి మీద ఇష్టం మొదలైంది. నాకు వాటి పేలుడు మీద ఆసక్తి లేదు. వాటి ఒంటి మీద ఉన్న ముద్రలు, ఏ సైన్యానికి వెళ్లాయి, ఎవరి చేతులు మారాయి అన్నదే నన్ను పట్టుకుంది. చట్టం దేశానికో రకంగా ఉంటుంది కాబట్టి, ఎవరి ప్రశ్నకి ఎంత అవసరమో అంతవరకు అక్కడే చెప్పాను.

ఒక పాఠకుడు, కాకినాడ

*మేడమ్ గారూ, మా తాతగారు పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన ట్రంకు పెట్టెలో పాత గుడ్డలో చుట్టిన రివాల్వర్ ఒకటి దొరికింది. ఎడమ పక్క వెబ్లీ, మార్క్ 6, 1915 అని ఉంది. కుడి పక్క 1918 అని ఉంది. బాగా తుప్పు పట్టింది. లైసెన్స్ కాగితాలు ఎక్కడా లేవు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. తుప్పు వదిలించి షోకేసులో పెట్టుకోవచ్చా?*

షోకేసు సంగతి తర్వాత చూద్దాం. ముందు దాన్ని ఉన్నచోటే ఉంచి, ఆ గదికి తాళం వేయండి. పిల్లల్ని అటు వెళ్లనివ్వకండి. ట్రిగ్గర్ నొక్కి చూడడం, ఇంట్లో వాళ్లకి గురిపెట్టి ఫొటోలు దిగడం లాంటివి వద్దు. వందేళ్ల నాటి తూటా కూడా పేలుతుంది. వెబ్లీకి హ్యామర్ (తూటాని కొట్టి పేల్చే భాగం) పక్కన, ఎడమ వైపు, బొటనవేలితో నొక్కే మీట ఉంటుంది. అది నొక్కితే బ్యారెల్ కిందికి వంగి, సిలిండర్‌లో, అంటే తూటాలు పెట్టే గుండ్రటి భాగంలో, ఉన్నవన్నీ పైకి లేస్తాయి. కానీ తుప్పు పట్టినదాన్ని బలవంతంగా తెరవకండి. ఆ పని తెలిసిన పోలీసు ఆర్మరర్‌కి (ఆయుధాల బాగోగులు చూసే మనిషికి) వదిలేయండి.

ఇక చట్టం. 1959 నాటి ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు ఆయుధాలకు ఒక మినహాయింపు ఉంది. అది చదివి చాలామంది ధైర్యం తెచ్చుకుంటారు. రిపేరు చేసినా, చేయకపోయినా ఇక తుపాకిగా పనికిరాని స్థితిలో ఉంటేనే ఆ మినహాయింపు వర్తిస్తుంది. పైన తుప్పు ఉన్నంత మాత్రాన మీ వెబ్లీ ఆ స్థితికి చేరినట్టు కాదు. శుభ్రం చేస్తే పనిచేసే అవకాశం బాగా ఉంది. 2020లో కేంద్ర ప్రభుత్వం ‘క్యూరియో’ (అపురూప పాత వస్తువు) తరగతి చిన్న ఆయుధాలను భారత పౌరులు లైసెన్స్ లేకుండా దగ్గర ఉంచుకోవచ్చని నిబంధనలు సడలించిన మాట నిజమే. వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా, ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలించాలన్నా మాత్రం లైసెన్స్ కావాల్సిందే. మీ దగ్గర ఉన్నది ఆ తరగతిలోకి వస్తుందా లేదా అన్నది లైసెన్స్ ఇచ్చే అధికారి కాగితం మీద రాసివ్వాలి. మనకి మనం తేల్చుకునే విషయం కాదు.

కాబట్టి ముందు ఒక లాయర్‌తో మాట్లాడండి. తర్వాత స్టేషన్‌కి ఫోన్ చేసి, తాతగారి పెట్టెలో దొరికిందని ఉన్నది ఉన్నట్టు చెప్పి, వాళ్లనే ఇంటికి రమ్మనండి. సంచిలో వేసుకుని బైకు మీద మాత్రం బయల్దేరకండి. లైసెన్స్ లేని ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలని 21వ సెక్షన్ చెబుతోంది. వారసులుగా లైసెన్స్‌కి అర్జీ పెట్టుకునే వీలుంది. 2019 సవరణ తర్వాత ఒక మనిషి పేరు మీద రెండుకి మించి ఉండకూడదు.

డిపాజిట్ చేసేటప్పుడు రసీదులో నంబరు, ముద్రలు, స్థితి అన్నీ రాయించుకోండి. మీరు చూసిన 1915 ఆ మోడల్ వచ్చిన సంవత్సరం. కుడి పక్క ఉన్న 1918 అది తయారైన సంవత్సరం. ఇంకా ఏమేం ఉన్నాయో రసీదు రాసేటప్పుడు ఆర్మరర్‌ని అడగండి. బాణం మొన లాంటి గుర్తు ఉంటే అది బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి. రెండు బాణాలు మొనకి మొన తగులుతూ ఉంటే ప్రభుత్వం దాన్ని అమ్మేసిందని అర్థం. బాణంతో పాటు ‘ఐ’ అక్షరం ఉంటే ఇండియా ప్రభుత్వ సరుకు. మీ తాతగారికి అది ఎలా వచ్చిందో చెప్పే సాక్ష్యం ఆ గుర్తుల్లో ఉండొచ్చు. తుప్పు వదిలిద్దామని ఇప్పుడు గరుకు కాగితం పెట్టి రుద్దితే ఆ గుర్తులే ముందు పోతాయి.

ఒక పాఠకుడు, డాలస్

*గన్ షోలో వెబ్లీ మార్క్ 1 కొన్నాను. సిలిండర్ వెనక భాగం కొంచెం చెక్కినట్టు ఉంది. ఇందులో .45 ఏసీపీ తూటాలు క్లిప్పు పెట్టి కాల్చుకోవచ్చని అమ్మినాయన చెప్పాడు. నిజమేనా?*

తూటాలు అందులో పడతాయన్నది నిజం. కాల్చడం మాత్రం ప్రమాదం. దయచేసి ఆ పని చేయకండి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ వదిలించుకున్న వెబ్లీలు అమెరికాకి చాలా వచ్చాయి. వాటి అసలు తూటా .455 అక్కడ దొరికేది కాదు. .45 ఏసీపీ మాత్రం వీధివీధినా దొరికేది. దాంతో దిగుమతి చేసుకున్నవాళ్లు సిలిండర్ వెనక ముఖాన్ని కొంత చెక్కేసి, అర్ధచంద్రాకారపు క్లిప్పులతో ఆ తూటా పట్టేలా మార్చి అమ్మారు. .455 తూటా ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 13,000 పౌండ్లు. .45 ఏసీపీది 21,000 దాకా పోతుంది. మీ మార్క్ 1ని బ్రిటిష్ సైన్యం 1887లో తీసుకుంది. అది బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లమందు) రోజుల్లో గీసిన డిజైన్. ఆ తర్వాత వచ్చిన కార్డైట్ అనే మందు ఒత్తిడికి తగ్గట్టు సిలిండర్‌ని పెంచింది 1913లో వచ్చిన మార్క్ 5తోనే.

నా ఉద్యోగంలో విరిగిన లోహాన్ని చాలా చూశాను, అందుకే ఇది కొంచెం గట్టిగా చెబుతున్నాను. పగులు ఎప్పుడూ పలచని చోట, మూల ఉన్న చోట మొదలవుతుంది. రివాల్వర్‌లో అలాంటి చోటు సిలిండర్ బయట, దాన్ని ఆపడానికి చేసిన గాడి. దాని కింద గోడ చాలా పలచన. పాత ఉక్కులో కరిగించేటప్పుడు మిగిలిన మలినాలు సన్నని పోగుల్లా ఉంటాయి. ఒక్కో దెబ్బకి పగులు ఆ పోగు వెంట కొంచెం కొంచెం పాకుతుంది. పైకి ఏమీ కనిపించదు. నిన్న యాభై సార్లు పేల్చినా ఏమీ కాలేదన్న మాటకి అందుకే విలువ లేదు. అది ఇవాళ విడిపోవచ్చు, విడిపోయేది మీ ముఖానికి మూరెడు దూరంలో.

1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవాటిని అమెరికా ఫెడరల్ చట్టం పురాతన వస్తువుగా చూస్తుంది. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి. ఇంకో రాష్ట్రానికి మకాం మార్చేముందు అక్కడి సంగతి కనుక్కోండి. చెక్కిన సిలిండర్ వల్ల కలెక్టర్ల దగ్గర ధర బాగా తగ్గుతుంది, బేరంలో ఆ మాట ముందే అనాల్సింది. అయినా మార్క్ 1 మంచి వస్తువే. దాని పుట్టుక, దిగుమతి, చెక్కుడు అన్నీ ఒక కాగితం మీద రాసి దానితోపాటే ఉంచండి.

ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

*మాది మిలటరీ మాధవరం పక్క ఊరు. మా ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయి. ఇంట్లో ఆయన తోలు పిస్టల్ సంచి ఒకటి, అల్లిన తాడు ఒకటి, పతకం ఒకటి ఉన్నాయి. రివాల్వర్ లేదు. ఆయన దగ్గర ఏ రివాల్వర్ ఉండేదో ఎలా తెలుస్తుంది అక్కా?*

మీ ఉత్తరం చూసి నాకు చాలా సంతోషం వేసింది అమ్మా. మీ దగ్గర ఉన్నవాటికి లైసెన్స్ గొడవ లేదు, చెప్పడానికి మాత్రం బోలెడంత ఉంది.

మామూలు సిపాయికి ఇచ్చేది రైఫిల్. రివాల్వర్ ఆఫీసర్ల నడుముకి ఉండేది. బ్రిటిష్ ఆఫీసర్లు చాలాకాలం తమ రివాల్వర్‌ని సొంత డబ్బుతో కొనుక్కునేవాళ్లు. ప్రభుత్వపు .455 తూటా పడితే చాలు, ఏ మోడలైనా పరవాలేదు. అందుకే ఆ కాలపు రివాల్వర్ల మీద లండన్ దుకాణాల పేర్లు, కలకత్తా మాంటన్ కంపెనీ పేరు కనిపిస్తాయి. ఆఫీసర్లు కాకుండా మెషిన్‌గన్ నడిపేవాళ్ల లాంటి కొందరికి మాత్రం ప్రభుత్వమే రివాల్వర్ ఇచ్చేది, ఎందుకంటే రెండు చేతులూ గన్‌తోనే పనిగా ఉన్నవాడు రైఫిల్ మోయలేడు. మీ ముత్తాత అలాంటి పనిలో ఉండి ఉండొచ్చు. లేదా ఆ సంచి ఏ ఆఫీసర్‌దో ఆయన చేతికి వచ్చి ఉండొచ్చు. రెండింటిలో ఏదో ఇప్పుడే తేల్చేయకండి.

ముందు పతకం అంచు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ అయితే అంచు మీద నంబరు, హోదా, పేరు, పటాలం అద్ది ఉంటాయి. భూతద్దంతో, పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి చదవండి. చింతపండు పెట్టి తోమకండి! ఆ పులుపు అక్షరాల అంచులు తినేస్తుంది. పటాలం పేరు తెలిస్తే అది ఏ యుద్ధరంగంలో ఉందో తెలుసుకోవచ్చు. తర్వాత తోలు సంచి మూత లోపలి వైపు చూడండి. తయారీదారు పేరు, సంవత్సరం అక్కడ గుద్దుతారు. కాన్పూరులో తయారైన తోలు సామాను చాలా ఉండేది. సంచి పొడవు కూడా కొలవండి. వెబ్లీ మార్క్ 6 బ్యారెల్ ఆరు అంగుళాలు, అంతకుముందు మోడళ్లలో నాలుగు అంగుళాలవి చాలా ఉండేవి. ఏళ్ల తరబడి లోపల ఉన్న రివాల్వర్ తోలు మీద తన ఆకారం వదిలి వెళుతుంది. సిలిండర్ ఉబ్బు ఎక్కడ మొదలైందో చూస్తే బ్యారెల్ ఎంత పొడవో తేలిపోతుంది. అల్లిన తాడు రివాల్వర్ పిడి కింద ఉండే రింగుకి కట్టేది, గుర్రం మీద వెళుతూ జారవిడిచినా పోకుండా.

ఇవన్నీ కలిపి ఒక పెట్టెలో, ఆమ్లం లేని కాగితంలో చుట్టి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాటల్ని వాళ్ల గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేయండి. ఈ పని వాయిదా వేయకండి.

ఒక పాఠకుడు, విశాఖపట్నం

*నాన్నగారి నుంచి నా పేరు మీదకి లైసెన్స్‌తో సహా మారిన పాత రివాల్వర్ ఉంది. సముద్రపు గాలికి ఎర్రమచ్చలు వస్తున్నాయి. ఒక షాపువాళ్లు బఫింగ్ చేసి మళ్లీ నీలం పూత ఎక్కించి కొత్తదానిలా చేసిస్తామంటున్నారు. చేయించనా?*

వద్దండీ. ఎన్నిసార్లు అడిగినా ఇదే చెబుతాను, వద్దు.

బఫింగ్ చక్రం మచ్చనీ ముద్రనీ వేరు చేసి చూడదు. మూలలు గుండ్రబడతాయి, స్క్రూ గుంటల అంచులు సాసర్‌లా వంగుతాయి, అక్షరాలు సగం లోతు పోతాయి. దాని మీద ఎంత చక్కటి నీలం వేసినా తెలిసినవాడు దూరం నుంచే పట్టేస్తాడు. ఫ్యాక్టరీలో వేసిన ఆ నీలం కూడా ఇనుము మీద కావాలని పెంచిన ఒక ఆక్సైడ్ పొరే. లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఎర్ర తుప్పు ఇంకో రకం ఆక్సైడ్. అది ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఉబ్బుతుంది, తేమని పట్టి ఉంచి కిందికి తవ్వుకుంటూ పోతుంది. మన పని ఆ ఎర్రదాన్ని మాత్రమే తీసి, మిగతాదాన్ని ముట్టుకోకుండా ఉండడం.

తూటాలు లేవని చూసుకున్నాక, మచ్చల మీద పలచని తుపాకి నూనె రాసి కొన్ని రోజులు వదిలేయండి. తర్వాత మెత్తని కంచు ఊలుతో, ఇనుప ఊలుతో కాదు, నూనె తడి ఉండగానే చిన్న చోటు ఎంచుకుని మెల్లగా రుద్దండి. గట్టిపడిన మచ్చని రాగి ముక్క అంచుతో గీకవచ్చు. రాగి ఉక్కు కంటే మెత్తన, గీత పడదు. గుడ్డకి ఎర్రరంగు అంటడం ఆగిన చోట మీరూ ఆగిపోండి. కింద నల్లగా మిగిలిన మచ్చ అలాగే ఉండనివ్వండి. అది ఇంక తినదు. ఒక్కో వారం ఒక్కో అంగుళం చేసినా తొందరేమీ లేదు.

కొబ్బరినూనె, వంటనూనె వాడొద్దు. కొన్నాళ్లకి అవి జిగురుగా మారి లోపలి స్ప్రింగులని పట్టేస్తాయి. శుభ్రం చేశాక మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా పట్టించండి. బ్రిటిష్ మ్యూజియం ల్యాబులో 1950ల్లో తయారైన రినైసాన్స్ వ్యాక్స్ ఇలాంటిదే, మ్యూజియంలు ఇప్పటికీ వాడుతున్నాయి. ఆ తర్వాత చేతికి నూలు గ్లౌజులు లేకుండా పట్టుకోకండి. మన చెమటలో ఉప్పు ఉంటుంది, విశాఖలో గాలిలోనూ ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, రివాల్వర్‌ని తోలు సంచిలో పెట్టి దాచకండి. తోలు శుద్ధిలో వాడిన ఆమ్లాలు, తోలు పీల్చుకున్న తేమ రెండూ కలిసి సంచి తగిలిన చోటల్లా తుప్పు తెప్పిస్తాయి. సంచి విడిగా, రివాల్వర్ విడిగా, దానితోపాటు సిలికా జెల్ పొట్లాలు. ఆ పొట్లాలని మర్చిపోకుండా మార్చాలి. స్క్రూలు విప్పాల్సి వస్తే మామూలు స్క్రూడ్రైవర్ వద్దు. దాని కొన ఏటవాలుగా ఉంటుంది, జారి గాడి చింపేస్తుంది. తుపాకి పనికి రెండు పక్కలా సమాంతరంగా అరగదీసిన కొనలు ఉంటాయి. అవి లేకపోతే విప్పకండి.

ఒక పాఠకుడు, స్లౌ, ఇంగ్లండ్

*2014లో పాత వస్తువుల సంతలో 1873 మోడల్ ఫ్రెంచ్ సైనిక రివాల్వర్ కొన్నాను. లైసెన్స్ అక్కర్లేదన్నారు. ఇప్పుడు చట్టం మారిందని స్నేహితుడు అంటున్నాడు. నిజమా?*

నిజమే, మీరు ఇవాళే కదలాలి.

మీరు కొన్నప్పుడు దాని 11 మిల్లీమీటర్ల తూటా ‘వాడుకలో లేని కాలిబర్ల’ (తూటా సైజుల) జాబితాలో ఉండేది. అలంకారంగా, అపురూప వస్తువుగా ఉంచుకుంటే చాలు. 2021 మార్చి 22న అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలు ఏడు కాలిబర్లని ఆ జాబితా నుంచి తీసేశాయి. వాటిలో మీ 11 మిల్లీమీటర్ల ఫ్రెంచ్ ఒకటి. .44 రష్యన్, .442, .41 కోల్ట్, .320 కూడా పోయాయి. నేరస్థులు పాత రివాల్వర్లు కొని, వాటికి సరిపడే తూటాలు తయారుచేయించుకుని మనుషుల్ని కాల్చారు. అందుకే ఈ మార్పు. కలెక్టర్లలో చాలామంది దీన్ని తిట్టుకున్నారు. నేను మాత్రం ప్రభుత్వం చేసింది సరైనదే అంటాను.

అప్పటికే కొన్నవాళ్లు లైసెన్స్‌కి పెట్టుకోవడానికో వదిలించుకోవడానికో ఇచ్చిన గడువు 2021 సెప్టెంబర్ 22తో ముగిసింది. ఇప్పుడు అది మీ దగ్గర ఉండడం తీవ్రమైన నేరం కిందికి రావచ్చు. ఇలాంటి కేసుల్లో కనీస శిక్షే ఐదేళ్లు. కాబట్టి ముందు సొలిసిటర్ (లాయర్), తర్వాత ఆయన ద్వారా పోలీసు ఫైర్ఆర్మ్స్ లైసెన్సింగ్ విభాగం. అమ్మొద్దు, పోస్టులో పంపొద్దు, కోసి పారేయొద్దు. కొన్నప్పటి రసీదు ఉంటే వెతికి పెట్టుకోండి, ఏ సంవత్సరం ఎలా కొన్నారో చూపించేది అదే.

బ్యారెల్ కుడి పక్క ‘ఎస్’ అక్షరం, సంవత్సరం ఉంటాయి. సెయింట్ ఎటియెన్ ఆయుధ కర్మాగారం గుర్తు అది. ఆ ఫ్రెంచివాళ్లు దీనికి నీలం పూత వేయలేదు, తెల్లని ఉక్కునే మెరిసేలా వదిలేశారు. పోలీసులకి అప్పగించక తప్పకపోతే, ధ్వంసం చేయకుండా మ్యూజియంకి ఇచ్చే దారి ఉందేమో సొలిసిటర్‌ని అడగమనండి.

ఒక పాఠకుడు, నర్సీపట్నం

*ఒక పాత సామాన్ల వ్యాపారి అల్లూరి సీతారామరాజు గారి రివాల్వర్ అని చెప్పి లక్షలు అడుగుతున్నాడు. కాగితాలు లేవు గానీ, వాళ్ల తాత మన్యంలో ఉండేవాడట. నమ్మొచ్చా?*

నమ్మకండి. కొనకండి కూడా. లైసెన్స్ లేని ఆయుధాన్ని కొనడం, అమ్మడం రెండూ నేరమే.

రాజుగారి దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసి పోలీసుల తుపాకులు, మందుగుండు తీసుకెళ్లింది. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. అంటే మన్యంలో ఆయుధాలు చేతులు మారిన మాట వాస్తవం. కానీ ఫలానా రివాల్వర్ ఫలానా మనిషిదని చెప్పాలంటే, ఆ కాలపు కాగితంలో దాని నంబరు ఉండాలి, అదే నంబరు లోహం మీద ఉండాలి. ఈ రెండూ కలవనిదే ఎవరి తాత ఎక్కడున్నా లాభం లేదు. వ్యాపారి అడుగుతున్న లక్షలు ఇనుముకి కాదు, ఆ పేరుకి.

ఇంకో తేలిక పరీక్ష ఉంది. రాజుగారిని చంపింది 1924 మే 7న. మన దేశంలో పాత పోలీసు, సైనిక రివాల్వర్లుగా కనిపించేవాటిలో .38 ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 రకం చాలా ఉంటాయి. ఆ మోడల్‌ని బ్రిటిష్ సైన్యం తీసుకున్నది 1932లో. వ్యాపారి పంపిన ఫొటోలో ఎన్‌ఫీల్డ్ అని, మీద 1930ల సంవత్సరమో 1940ల సంవత్సరమో కనిపిస్తే మాట అక్కడితో అయిపోయింది. నిజంగానే ఆయన కాలపు వస్తువు, రుజువుతో సహా ఎక్కడైనా బయటపడితే అది ఉండాల్సింది రాష్ట్ర మ్యూజియంలో. వందేళ్లు దాటిన పురావస్తువుని దేశం దాటించడానికి 1972 చట్టం ఒప్పుకోదు, ఆ సంగతి వ్యాపారికి కూడా చెప్పండి.

రిటైరైన ఆర్మీ ఆఫీసర్, సికింద్రాబాద్

*మా రెజిమెంట్ మ్యూజియంలో ఉన్న ఎన్‌ఫీల్డ్ నంబర్ 2కి హ్యామర్ మీద బొటనవేలితో లాగే కొమ్ము లేదు. విరిగిందా?*

విరగలేదండీ, అలాగే తయారైంది. 1938లో వచ్చిన మార్క్ 1 స్టార్ అది. హ్యామర్‌ని వెనక్కి లాగి కాల్చే పద్ధతి తీసేసి, ట్రిగ్గర్ నొక్కితేనే పేలేలా చేశారు. ట్యాంకుల్లో ఇరుకు చోట్ల ఆ కొమ్ము బట్టలకి, తాళ్లకి తగులుకుంటోందని కారణం చెబుతారు. అంతకుముందు చేసినవి కూడా రిపేరుకి వచ్చినప్పుడు ఇలాగే మార్చారు. కింద పెట్టే చీటీలో ‘విరిగినది’ అని రాసి ఉంటే తీయించండి.

ఒక పాఠకురాలు, లండన్

*వేలంలో పెట్టెతో సహా బోమాంట్-ఆడమ్స్ రివాల్వర్ చూశాను. ధర ఎక్కువే. పెట్టె దానిదేనని ఎలా తెలుస్తుంది? మీకు ఏ రివాల్వర్ అంటే ఎక్కువ ఇష్టం?*

మీరు చూసినదే నాకూ ఎక్కువ ఇష్టం.

1851లో లండన్ మహా ప్రదర్శనలో అమెరికా నుంచి శామ్యూల్ కోల్ట్ తన రివాల్వర్లు తెచ్చి పెట్టాడు. అదే ప్రదర్శనలో లండన్‌వాడు రాబర్ట్ ఆడమ్స్ తనది పెట్టాడు. కోల్ట్‌ది యంత్రాల మీద చేసిన పని. ప్రతిసారీ హ్యామర్‌ని బొటనవేలితో లాగాలి, గురి బాగుంటుంది. పైన పట్టీ లేని ఫ్రేము. ఆడమ్స్‌ది ఫ్రేము, బ్యారెల్ ఒకే ఇనుప ముద్ద నుంచి కొట్టి తీసింది, చాలా గట్టిది. ట్రిగ్గర్ నొక్కుతూ పోతే పేలుతూ పోతుంది, కానీ ట్రిగ్గర్ బరువు వల్ల గురి కదులుతుంది. క్రిమియా యుద్ధంలో ఆఫీసర్ల మధ్య ఏది మేలన్న వాదన బాగా నడిచింది. రాయల్ ఇంజినీర్స్‌లో లెఫ్టినెంట్‌గా ఉన్న ఫ్రెడరిక్ బోమాంట్ 1856లో ఆడమ్స్ యంత్రాంగానికి మార్పు చేసి రెండు పద్ధతులూ ఒకేదాంట్లో పెట్టాడు. సమయం ఉంటే హ్యామర్ లాగి గురిచూడు, లేకపోతే ట్రిగ్గర్ నొక్కెయ్. ఐదు తూటాలు. బ్రిటిష్ సైన్యం దాన్ని తీసుకుంది. 1853లో కోల్ట్ ఎంతో ఆశతో లండన్‌లో తెరిచిన ఫ్యాక్టరీ కొద్ది ఏళ్లకే మూతపడింది.

బోమాంట్ ఆ మార్పు చేసిన మరుసటి సంవత్సరమే మన దేశంలో 1857 తిరుగుబాటు వచ్చింది. దాన్ని అణచడానికి వచ్చిన ఆఫీసర్ల నడుముల్లో ఇవి ఉన్నాయి. నేను ఆ రివాల్వర్‌ని చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ రెండూ గుర్తొస్తాయి, దాన్ని మలిచినవాడి పనితనం, దాని ముందు నిలబడినవాళ్లు. అందులో ఒకటి మర్చిపోయి ఇంకొకటి మెచ్చుకోవడం నాకు చేతకాదు, చేయాలనీ లేదు.

ఇక పెట్టె. పాత బల్లల చెక్కతో కొత్త పెట్టెలు చేసి అమ్మేవాళ్లు ఉన్నారు, కాబట్టి చెక్క పాతది అయినంత మాత్రాన సరిపోదు. లోపలి ఆకుపచ్చ బట్ట మీద రివాల్వర్ తగిలే చోట్లే నలిగి, నూనె మరకలు పడి ఉండాలి. రివాల్వర్ తీసి కొంచెం పక్కకి జరిపి పెట్టి చూడండి, మరక ఆకారం దీనిదా ఇంకోదానిదా తెలిసిపోతుంది. తాళం గుంట లోపల చెక్క కొత్త రంగులో ఉంటే అనుమానించాలి. గుండ్లు పోసే అచ్చు మీద ఉన్న సైజు నంబరు రివాల్వర్ సైజుకి కలవాలి. మూత లోపల అంటించిన దుకాణం కాగితం ఒక్కటే శుభ్రంగా ఉండి మిగతాదంతా మురిగ్గా ఉంటే అది ఈమధ్య అంటించినదే. ఈ పరీక్షల్లో ఏది తప్పినా రివాల్వర్ ధర మాత్రమే కట్టండి, పెట్టె ధర వద్దు.

ఒక జాగ్రత్త. ఇలాంటి క్యాపులు పెట్టి కాల్చే పాతవాటిలో ఇప్పటికీ మందు, గుండు లోపలే ఉండిపోయినవి దొరుకుతుంటాయి. సిలిండర్ ప్రతి గది లోపలికి ముందు నుంచి సన్నని చెక్క పుల్ల దింపి, లోతు అన్నింటికీ సమానంగా ఉందో లేదో వేలం సంస్థవాళ్లతో చూపించుకోండి.

రష్యాలో మెడిసిన్ చదువుతున్న విద్యార్థి

*తులా ఆయుధ మ్యూజియంలో నాగాంత్ రివాల్వర్ చూశాను. హ్యామర్ లాగితే సిలిండర్ ముందుకి జరుగుతుందని గైడ్ చెప్పింది. ఎందుకు? ఇండియాకి ఒకటి తేవచ్చా?*

మామూలు రివాల్వర్‌లో సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నని సందు ఉంటుంది. పేలినప్పుడు కొంత వాయువు అందులోంచి పోతుంది. బెల్జియంవాడు లియోన్ నాగాంత్ చేసిన, రష్యా 1895లో తీసుకున్న మోడల్‌లో సిలిండర్ ముందుకి జరిగి బ్యారెల్‌కి ఆనుకుంటుంది. తూటా గుల్ల కూడా గుండుని దాటి పొడవుగా ఉండి బ్యారెల్ మొదట్లోకి దూరి సందు మూసేస్తుంది. ఏడు తూటాలు. ఈ పనంతా వేలి బలంతోనే జరగాలి కాబట్టి ట్రిగ్గర్ చాలా బరువు. వాడిన గుల్లల్ని ఒక్కొక్కటిగా తోసి తీయాలి. రష్యాలో మొదట సైనికులకి హ్యామర్ లాగి కాల్చే రకం, ఆఫీసర్లకి రెండు విధాలా కాల్చే రకం ఇచ్చేవాళ్లు.

తేవద్దు బాబూ. పనిచేయకుండా చేసినదైనా, లైటర్‌లా మార్చినదైనా, కీచైన్ పాటి తూటా గుల్ల అయినా విమానాశ్రయంలో నీ చదువుకే ఎసరు తెస్తుంది. ఫొటోలు తీసుకో.

డిగ్రీ విద్యార్థి, వరంగల్

*కొనే స్తోమత లేదు, లైసెన్స్ కూడా రాదు. అయినా ఈ విషయం నేర్చుకోవాలని ఉంది మేడమ్. ఎక్కడ మొదలుపెట్టాలి?*

తమ్ముడూ, కొనకుండా నేర్చుకున్నవాళ్లే నాకు తెలిసిన మంచి నిపుణుల్లో ఎక్కువ. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో వెళ్లు. కత్తులు, పాత తుపాకుల మీద లోహపు పని చూడడం అలవాటైతే రివాల్వర్ చదవడం తేలికవుతుంది. ఒక్క వస్తువు ముందు నిలబడి, కనిపించిన ప్రతి ముద్రనీ నోట్‌బుక్‌లో బొమ్మ గీయి. ఫొటో తీస్తే కన్ను తొందరగా వదిలేస్తుంది, గీస్తే వదలదు. లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ తన సేకరణలోని వస్తువుల వివరాలు, ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఒక్క వెబ్లీ కుటుంబాన్నే తీసుకుని మార్క్ 1 నుంచి మార్క్ 6 వరకు ఏది ఎందుకు మారిందో సొంతంగా ఒక పట్టిక రాయి. పిడి ఆకారం ఎప్పుడు మారింది, సిలిండర్ ఎప్పుడు పెరిగింది, బ్యారెల్ ఎప్పుడు ఆరు అంగుళాలయింది. అది పూర్తయ్యాక నాకు పంపు, తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపుతాను.